బెల్టు వెనకున్న బట్ట: సాగని పడుగు కోసం ఒక పాఠం

ముంబై హైవే మీద పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వెళ్తుంటే రెండు పక్కలా కనిపించే ఫ్యాక్టరీలు మనలో చాలామందికి బయటి గోడలుగానే తెలుసు. లోపల ఏం జరుగుతుందో బోర్డు చదివి ఊహించుకుంటాం. మందుల కంపెనీ, ఇనుప సామాన్ల కంపెనీ, పెయింట్ల కంపెనీ, టైర్ల కంపెనీ. మెటల్ పని జరిగే చోట మాత్రం ఏ బోర్డు మీదా కనిపించని ఒక చిన్న వస్తువు రోజూ అరిగిపోతూ ఉంటుంది. అదే ఎమ్రీ బెల్టు. గరుకు కాగితం ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. దాన్ని కాగితం బదులు బట్ట మీద చేసి, రెండు కొసలు అతికించి, రెండు చక్రాల మీద తిప్పితే అది ఎమ్రీ బెల్టు.

వెల్డింగ్ చేసిన అతుకు ఉబ్బెత్తుగా ఉంటే చదును చేసేది అదే. మందుల తయారీలో వాడే స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్ల లోపలి గోడలు నునుపు చేసే పనిలో కూడా అది ఉంటుంది. ఆ గోడ నునుపుగా లేకపోతే సన్నటి గీతల్లో ఒక బ్యాచ్ పొడి ఇరుక్కుని తర్వాతి బ్యాచ్‌లో కలిసే ప్రమాదం ఉంది. అందుకే అక్కడ నునుపుదనాన్ని మైక్రాన్లలో కొలుస్తారు.

బెల్టు కొనేవాళ్ళు సాధారణంగా ముందు అడిగే ప్రశ్న ఒకటే: "గ్రిట్ ఎంత?" 80నా, 120నా, 240నా అని. వెనకున్న బట్ట గురించి అడిగేవాళ్ళు తక్కువ. ఈ వ్యాసం ఆ బట్ట గురించే. గరుకు రేణువులు కోస్తాయి, నిజమే. కానీ ఆ రేణువులు అనుకున్న చోట, అనుకున్న ఒత్తిడితో ఉండాలంటే బట్ట తన కొలత మార్చుకోకూడదు. దీన్ని మనం "కొలత నిలకడ" అందాం. బట్టను రాయిలా గట్టిగా చేస్తే కొలత నిలకడ వచ్చేస్తుందని అనిపిస్తుంది గానీ, అలా చేస్తే బెల్టు చక్రం మీద వంగకుండా పగుళ్ళిస్తుంది. కాబట్టి అసలు డిజైన్ ఏంటంటే, ఏ దిక్కులో కదలనివ్వాలి, ఏ దిక్కులో అస్సలు కదలనివ్వకూడదు అని ముందే తేల్చుకోవడం.

సీఎస్‌ఈ చదివేవాడికి బట్టతో ఏం పని అంటారా? కొంచెం ముందుకెళ్తే అక్కడ మన సబ్జెక్టే కనిపిస్తుంది. చూద్దాం.

బెల్టులో ఏమేం ఉంటాయి

కింద నుంచి పైకి లెక్కపెడదాం. మొదట బట్ట. బెల్టు పొడవు వెంట నడిచే దారాలు పడుగు, అడ్డంగా నడిచేవి పేక. స్కూల్లో వార్ప్, వెఫ్ట్ అని చదువుకున్నాం గానీ మన నేతవాళ్ళ మాటలు ఇంకా పొట్టిగా, స్పష్టంగా ఉన్నాయి. బెల్టు లాగుడంతా పడుగు మీద పడుతుంది. పేక పని పడుగు దారాలను పక్కపక్కన పట్టి ఉంచడం, బెల్టు అడ్డంగా చిరిగిపోకుండా చూడడం.

బట్ట సందుల్లోకి, వెనక వైపుకి రెజిన్ లేదా లేటెక్స్ పట్టిస్తారు. ముందు వైపు జిగురు లాంటి మొదటి పూత వేస్తారు. దాని మీద అల్యూమినియం ఆక్సైడ్, సిలికాన్ కార్బైడ్, జిర్కోనియా లాంటి రేణువులు నాటుతారు. విద్యుత్ క్షేత్రంలో రేణువులు ఎగిరి మొన పైకి ఉండేలా బట్టకు అతుక్కుంటాయి. రేణువులు కదలకుండా మళ్ళీ ఇంకో పూత. తర్వాత 100 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఓవెన్‌లో ఉంచుతారు, ఫినాలిక్ రెజిన్ గట్టిపడడానికి. అలా తయారైన పెద్ద రోల్‌ను కావలసిన వెడల్పుకి కోసి, కొసలు అతికిస్తే బెల్టు. మన దేశంలో ఈ రకం సరుకు తయారుచేసే పాత కంపెనీల్లో ఒకటైన కార్బొరండం యూనివర్సల్ 1954లో చెన్నైలో మొదలైంది.

ఇన్ని పొరల్లో దేన్నైనా వేరేది పెట్టి మార్చొచ్చు. బట్ట సాగితే మాత్రం పైన ఎంత మంచి రేణువు ఉన్నా లాభం లేదు.

బట్ట ఎందుకు సాగుతుంది

ఒక బట్ట ముక్కను 100 మిల్లీమీటర్లు కొలిచి, అందులోంచి ఒక పడుగు దారం లాగి, చేత్తో నిటారుగా చేసి కొలవండి. 100 కంటే ఎక్కువ వస్తుంది. 105 వచ్చిందనుకుందాం. ఆ 5 ఎక్కడిది? పడుగు దారం బట్టలో నిటారుగా ఉండదు. ఒక పేక పైనుంచి, ఇంకో పేక కిందనుంచి అలలా నడుస్తుంది. ఆ అల కోసం ఖర్చైన అదనపు పొడవే ఈ 5 శాతం. దీన్ని క్రింప్ అంటారు.

బెల్టును లాగగానే మొదట సాగేది దారం కాదు, ఈ అల. అల నిటారు కావడానికి పెద్ద బలం అక్కర్లేదు. అల అయిపోయాకే పోగు నిజంగా సాగడం మొదలవుతుంది. అందుకే బట్ట మీద లాగుడు, సాగుడు గ్రాఫ్ గీస్తే మొదట్లో చదునుగా ఉండి తర్వాత నిటారుగా లేస్తుంది. బెల్టు డిజైన్ చేసేవాళ్ళకు ఆ మొదటి చదును భాగంతోనే గొడవ.

ఇప్పుడు ఒక లెక్క. 2000 మిల్లీమీటర్ల బెల్టు ఉందనుకుందాం. 5 శాతం క్రింప్‌లో 1 శాతం మాత్రమే పనిలో విప్పుకుంది. బెల్టు 20 మిల్లీమీటర్లు పెరిగింది. బెల్టు రెండు చక్రాల మీద ఉంటుంది కాబట్టి దాన్ని మళ్ళీ బిగించాలంటే ఒక చక్రాన్ని 10 మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి. మెషీన్‌లో అంత జరిగే చోటు లేకపోతే? బెల్టు వదులవుతుంది, చక్రం మీద జారుతుంది, వేడెక్కుతుంది, పక్కకి తప్పుకుంటుంది. రేణువులు ఇంకా పదునుగానే ఉంటాయి, బెల్టు మాత్రం చెత్తబుట్టలోకి పోతుంది.

ఇది డబ్బు సంగతి ఒక్కటే కాదు. బెల్టు సెకనుకి 25 మీటర్ల వేగంతో తిరుగుతోందనుకుంటే అది గంటకి 90 కిలోమీటర్లు. హైవే మీద కారు వేగం అన్నమాట. దాని ముందు ఒక మనిషి రెండు చేతులతో స్టీల్ ముక్క పట్టుకుని నిలబడి ఉంటాడు. వదులైన బెల్టు పక్కకి జారి గార్డును రాసుకున్నా, అతుకు దగ్గర తెగినా, అది ముందు తగిలేది ఆ చేతులకే.

ఇంకో చిక్కు కూడా ఉంది. పడుగు, పేక ఒకదాన్నొకటి వంచుకుని ఉంటాయి. పడుగును లాగి నిటారు చేస్తే, దాని చుట్టూ తిరగాల్సిన భారం పేక మీద పడుతుంది. అంటే పేక ఇంకా వంకరవుతుంది. పేక వంకరైతే బట్ట వెడల్పు తగ్గుతుంది. కాబట్టి పొడవు సాగడం, వెడల్పు తగ్గడం రెండు వేరు సమస్యలు కావు, ఒకే దారం ఇచ్చిపుచ్చుకునే లెక్క. పొడవును మాత్రమే చూసుకుని వెడల్పును వదిలేస్తే బెల్టు అంచులు ఒక తీరుగా, మధ్యభాగం ఇంకో తీరుగా తయారవుతాయి.

నేత ఒక మ్యాట్రిక్స్

ఇక్కడే మన సబ్జెక్టు వస్తుంది. పడుగు పైన ఉంటే 1, పేక పైన ఉంటే 0 అని రాస్తే ఏ నేతనైనా సున్నాలు, ఒకట్ల పట్టీగా రాయొచ్చు. ఇది నా తెలివి కాదు. 1804 నాటి జకార్డ్ మగ్గం చిల్లులు పొడిచిన అట్టలతో ఇదే పని చేసింది. చిల్లు ఉంటే దారం లేస్తుంది, లేకపోతే లేవదు. కంప్యూటర్ చరిత్ర చదివేటప్పుడు పంచ్ కార్డుల దగ్గర ఆ మగ్గం పేరు రావడం అందుకే.

సాదా నేత ఇలా ఉంటుంది:

1 0
0 1

డ్రిల్, జీన్స్ బట్టల్లో కనిపించే మూడు పైన, ఒకటి కింద ట్విల్ ఇలా:

1 1 1 0
1 1 0 1
1 0 1 1
0 1 1 1

నాలుగు పైన, ఒకటి కింద ఉండే శాటిన్ జాతి నేత ఇలా:

0 1 1 1 1
1 1 0 1 1
1 1 1 1 0
1 0 1 1 1
1 1 1 0 1

ఇప్పుడు ఏదైనా ఒక నిలువు వరుస తీసుకోండి. అది ఒక పడుగు దారం. పైనుంచి కిందికి వస్తూ 1 నుంచి 0కి, 0 నుంచి 1కి ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. చివరి గడి తర్వాత మళ్ళీ మొదటి గడి వస్తుందని గుర్తుంచుకోండి. పక్కపక్క గడులకు ఎక్స్‌ఓఆర్ చేసి కూడితే సరిపోతుంది, ఐదు లైన్ల ప్రోగ్రాం. ప్రతి మార్పు దగ్గరా దారం బట్ట ఒక ముఖం నుంచి రెండో ముఖానికి దిగుతుంది లేదా ఎక్కుతుంది. అంటే అక్కడ ఒక వంపు ఉంది.

60 పేకలు దాటే ఒక పడుగు దారం సాదా నేతలో 60 సార్లు ముఖం మారుస్తుంది. మూడు-ఒకటి ట్విల్‌లో 30 సార్లు. నాలుగు-ఒకటి శాటిన్ నేతలో 24 సార్లు. దారం, దారాల సంఖ్య ఒకేలా ఉంచితే, మార్పులు తగ్గేకొద్దీ దారం నిటారుగా పడుకుంటుంది, దాచిపెట్టుకున్న పొడవు తగ్గుతుంది, సాగడం తగ్గుతుంది. బరువు పని చేసే బెల్టులకు సాదా నేత కాకుండా ట్విల్, శాటిన్ నేతలు వాడటానికి ఇదొక ముఖ్య కారణం.

మరి మార్పులు ఇంకా తగ్గిస్తే? దారాలు ఒకదాన్నొకటి పట్టుకునే చోట్లు తగ్గుతాయి, బట్ట వదులై పక్కకి జరుగుతుంది. ట్విల్‌కి మరో దోషం ఉంది. ఉతికిన జీన్స్ ప్యాంటు కాలు కుట్టు పక్కనుంచి ముందుకి తిరిగిపోవడం చూసే ఉంటారు. ట్విల్ గీత ఒకే వైపు వాలి ఉండడం, దానికి నూలు పురి తోడవడం వల్ల బట్ట మొత్తం ఒక వైపు మెలిపడుతుంది. ప్యాంటులో అది చూడ్డానికి బాగోదు, అంతే. బెల్టులో పేక పడుగుకి సరిగ్గా అడ్డంగా లేకపోతే బెల్టు చక్రం మీద నిలవకుండా ఒక పక్కకే పాకుతుంది.

ఈ మొత్తం పేచీని పక్కన పెట్టే దారి కూడా ఒకటుంది. పడుగు, పేకలను అసలు అల్లకుండా, నిటారు పాలియెస్టర్ దారాలను ఒకదాని మీద ఒకటి పరచి, సన్నటి దారంతో కుట్టేయడం. దీన్ని స్టిచ్ బాండెడ్ బట్ట అంటారు. అల లేదు కాబట్టి విప్పుకునేది కూడా దాదాపు లేదు.

ఇలాంటి ఆలోచనే మన జిల్లాలో ఇంకో వస్తువులో ఉంది. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ ఉంది కదా. టైరు లోపల రబ్బరుతో పాటు ఉండే కార్డ్ బట్టను చూస్తే, బలమంతా పడుగు దారాల్లోనే ఉంటుంది, పేక మాత్రం దూరదూరంగా, సన్నగా, పడుగు చెదిరిపోకుండా పట్టుకోవడానికి మాత్రమే ఉంటుంది. బలం ఏ దిక్కున కావాలో ఆ దిక్కున దారాన్ని నిటారుగా ఉంచు, మిగతాది దాన్ని కాపలా కాయాలి. టైరైనా బెల్టైనా సూత్రం అదే.

ఏ నూలు?

కొలత నిలకడకు రెండో శత్రువు తేమ. 65 శాతం తేమ ఉన్న గాలిలో పత్తి తన బరువులో సుమారు 8 శాతం నీటిని పట్టుకుంటుంది. విస్కోస్ రేయాన్ 11 నుంచి 13 శాతం దాకా. పాలియెస్టర్ అర శాతం కూడా కాదు.

సంగారెడ్డి జిల్లా వాళ్ళకి దీన్ని నల్లరేగడితో పోల్చి చెప్తే తొందరగా అర్థమవుతుంది. వాన పడితే ఉబ్బి, ఎండాకాలం నెర్రెలు విచ్చే నేల అది. పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్‌ను పెట్టిన స్థలంలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. పత్తి పోగు కూడా నల్లరేగడి లాంటిదే, నీళ్ళు తాగితే లావవుతుంది. పోలిక ఇక్కడిదాకా సరిపోతుంది. తర్వాత తిరగబడుతుంది, జాగ్రత్తగా చూడండి. నేల తడిస్తే పెరుగుతుంది. బట్ట తడిస్తే చిన్నదవుతుంది.

ఎందుకు? పోగు నీళ్ళు తాగినప్పుడు లావు బాగా పెరుగుతుంది, పొడవు మాత్రం చాలా కొద్దిగానే పెరుగుతుంది. పేక లావైతే దాని చుట్టూ తిరగాల్సిన పడుగుకి దూరం పెరుగుతుంది. పడుగు అంత సాగలేదు కాబట్టి పేకలను దగ్గరికి లాక్కుంటుంది. బట్ట కుంచించుకుపోతుంది. కొత్త కాటన్ చొక్కా మొదటి ఉతుకులో పొట్టిగా అవడానికి ఇదొక పెద్ద కారణం. ఇంకొకటి, నేతలో, ఫినిషింగ్‌లో లాగి పెట్టిన దారం తడి తగలగానే సేదతీరడం.

ఇక్కడ ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల పొడి ఎండ. అంటే ఒకే గోదాంలో ఉన్న పత్తి బట్ట బెల్టు సంవత్సరంలో రెండు వేర్వేరు వాతావరణాలు చూస్తుంది.

అయితే పాలియెస్టర్ పెడితే సరిపోతుందా? సగం సరిపోతుంది. అది తేమకి లొంగదు, బలంగా ఉంటుంది. కానీ వేడికి లొంగుతుంది. 70, 80 డిగ్రీల దగ్గర దాని అణువులకు కదిలే స్వేచ్ఛ మొదలవుతుంది. పోగు తయారీలో సాగదీసినప్పుడు లోపల మిగిలిన బిగువు ఆ వేడిలో విడుదలై పోగు కుంచించుకుపోతుంది. ఫినాలిక్ రెజిన్ ఓవెన్ 100 డిగ్రీలు దాటుతుందని పైన చెప్పుకున్నాం. ఏ జాగ్రత్తా తీసుకోకుండా పాలియెస్టర్ బట్టను అందులో పెడితే రేణువులు అతుక్కునే సమయంలోనే బట్ట ముడుచుకుంటుంది. ఇంకో ఇబ్బంది, పొడవైన ఫిలమెంట్ దారం నున్నగా ఉంటుంది, జిగురుకి పట్టు దొరకదు. పత్తి నూలుకి చిన్న చిన్న నూగు వెంట్రుకలుంటాయి, అవి జిగురులో వేళ్ళూనుకుంటాయి. అందుకే రెండూ కలిపిన నూలు కూడా వాడతారు.

నీళ్ళతో పని చేసే బెల్టుకైతే ఇంకో మాట. తడిస్తే పత్తి బలం కొంచెం పెరుగుతుంది, విస్కోస్ బలం దాదాపు సగానికి పడిపోతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

ఒక గంజి తీసి, ఇంకో గంజి పెట్టడం

మగ్గం నుంచి దిగిన బట్ట ఇంకా బెల్టుకి పనికిరాదు. నేసేటప్పుడు పడుగు తెగకుండా గంజి పెడతారు. ఆ గంజి ఉంటే రెజిన్ దారంలోకి దిగదు. కాబట్టి మొదటి పని గంజి కడిగేయడం. చివరి పని ఇంకో రకం గంజి పెట్టడం, అదే రెజిన్. ఈ రెండింటి మధ్య జరిగేదే అసలు సంగతి.

కడిగిన బట్టను పొడవు వెంట లాగి పట్టుకుంటారు. పడుగు అల కావాలనే ఇక్కడ విప్పేస్తారు. రేపు మెషీన్ మీద విప్పుకునేదేదో ఈ రోజే విప్పుకోనివ్వడం అన్నమాట. వెడల్పును స్టెంటర్ మెషీన్ రెండు అంచులా పట్టుకుని తగ్గకుండా చూస్తుంది. పాలియెస్టర్ అయితే అలా లాగి ఉంచిన స్థితిలోనే 180 నుంచి 220 డిగ్రీల వేడి చూపిస్తారు. దాని కరిగే వేడి సుమారు 260, కాబట్టి కరగదు. లోపలి బిగువు వదిలి కొత్త కొలతలో స్థిరపడుతుంది. దీన్ని హీట్ సెట్టింగ్ అంటారు. తర్వాత ఓవెన్‌లో అంతకంటే తక్కువ వేడి తగిలితే అది పెద్దగా కదలదు.

పత్తికి ఈ కిటుకు పనిచేయదు. అది వేడికి మెత్తబడే పదార్థం కాదు. కాబట్టి పత్తి బట్టను లాగి ఉంచినప్పుడే రెజిన్ పట్టించి, లాగి ఉంచే ఆరబెట్టాలి. అక్కడ కొలతను పట్టి ఉంచేది పోగు కాదు, దారాల మధ్య గట్టిపడిన రెజిన్. లాగి ఆరబెట్టకుండా వదిలేసినా, లాగినా రెజిన్ చాలకపోయినా, తేమ తగలగానే దారం పాత అలకి వెళ్ళిపోతుంది.

మరి రెజిన్ ఎక్కువ పట్టిస్తే పోలా? ఒక లెక్క చూద్దాం. 1 మిల్లీమీటరు మందం బెల్టు, 100 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న చక్రం మీద వంగినప్పుడు బయటి ముఖం సుమారు అర శాతం సాగాలి. మందంలో సగాన్ని వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేది అదే. చక్రం వ్యాసార్థం 25 అయితే అది 2 శాతం. 2000 మిల్లీమీటర్ల బెల్టు సెకనుకి 25 మీటర్ల వేగంతో వెళ్తే సెకనుకి పన్నెండున్నర చుట్లు. రెండు చక్రాలు కాబట్టి బెల్టు మీద ప్రతి చుక్కా సెకనుకి 25 సార్లు వంగి నిటారవుతుంది. గంటకి 90,000 సార్లు. బిరుసుగా ఉన్న రెజిన్ అన్నిసార్లు 2 శాతం సాగి వెనక్కి రావాలంటే పగలక తప్పదు. పగులులోంచి రేణువులు రాలిపోతాయి.

అందుకే బట్టలో రకాలున్నాయి. తేలికైన, మెత్తటి జీన్స్ రకాన్ని జె అంటారు. వంకరగా ఉన్న కుళాయిలు, హ్యాండిళ్ళ లాంటి వాటికి అది. డ్రిల్ రకం బట్టను ఎక్స్ అంటారు, మామూలు చదును పనికి. బరువైన పాలియెస్టర్ శాటిన్‌ను వై అంటారు, గట్టి ఒత్తిడితో ఎక్కువ మెటల్ కోసే పనికి. జె నుంచి వైకి వెళ్ళేకొద్దీ కొలత నిలకడ పెరుగుతుంది, ఒంపులోకి దిగే గుణం తగ్గుతుంది. రెండూ పూర్తిగా కావాలంటే దొరకవు. రియాక్టర్ మూత ఒంపు దగ్గర వై బెల్టు బిరుసుగా ఉండి అంచుతో గీత పెట్టేస్తుంది. బలంగా వెల్డ్ కోసే చోట జె బెల్టు సాగి పోతుంది.

అతుకు, గోదాం

ఇంత కష్టపడి తయారుచేసిన బట్టను చివర్లో కోసి అతికిస్తాం. ఆ అతుకు దగ్గర మందం కొంచెం పెరిగినా ప్రతి చుట్టుకీ ఒకసారి "టక్" మని తగిలి స్టీల్ మీద ఒకే దూరంలో అడ్డగీతలు పడతాయి. అతుకు దగ్గర బట్ట సాగే తీరు మిగతా బెల్టులాగే ఉండాలి. అక్కడ మరీ బిరుసైతే దాని పక్క భాగం వంగి వంగి తెగుతుంది. కొసలను చాలాసార్లు ఏటవాలుగా కోసి అతికిస్తారు, అతుకు మొత్తం ఒకేసారి చక్రం మీదికి ఎక్కకుండా.

గోదాం సంగతి ఇంకా తేలిక, అందుకే ఎక్కువగా నిర్లక్ష్యమవుతుంది. బెల్టులో రేణువుల వైపు ఒక పొర, బట్ట వైపు ఒక పొర. తేమకి రెండూ ఒకేలా స్పందించవు. ఇస్త్రీ పెట్టె థర్మోస్టాట్‌లో రెండు లోహాల పట్టీ వేడికి వంగినట్టు, బెల్టు తేమకి అడ్డంగా వంగి దోనెలా తయారవుతుంది. అలాంటి బెల్టు చక్రం మీద అంచులతోనో మధ్యతోనో మాత్రమే ఆనుతుంది. బెల్టులను సుమారు 20 డిగ్రీల దగ్గర, 45 నుంచి 65 శాతం తేమలో ఉంచమని తయారీదారులు చెప్తారు. ఏసీ గది లేకపోయినా చేయగలిగినవి ఉన్నాయి. పెట్టెను నేల మీద, తడి గోడకి ఆనించి పెట్టకపోవడం. రేకుల షెడ్డులో ఎండ పడే పక్కన పెట్టకపోవడం. వాడే ముందు రోజు బెల్టును విప్పి, పెద్ద గుండ్రటి గొట్టం మీద వేలాడదీయడం. మేకుకి వేలాడదీస్తే అక్కడ మడత పడుతుంది, ఆ మడత దగ్గరే రేపు తెగుతుంది.

ఇంట్లో చేసి చూడండి

దీనికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక పాత కాటన్ బట్ట, కత్తెర, స్కేలు, 5 లీటర్ల నీళ్ళ క్యాన్, కొంచెం ఫెవికాల్ చాలు.

ఒకటి. బట్ట అంచు ఏ దిక్కున నడుస్తుందో చూడండి. అంచు వెంట నడిచేది పడుగు. 5 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవుతో మూడు పట్టీలు కోయండి: అంచు వెంట ఒకటి, అడ్డంగా ఒకటి, ఐమూలగా ఒకటి. ఒక్కోదాని మీద 500 మిల్లీమీటర్ల దూరంలో రెండు గీతలు పెట్టండి.

రెండు. ఒక్కో పట్టీకి నీళ్ళ క్యాన్ వేలాడదీసి వెంటనే కొలవండి, గంట తర్వాత కొలవండి, క్యాన్ తీసేశాక మళ్ళీ కొలవండి. మూడు అంకెలూ వేరుగా ఉంటాయి. వెంటనే సాగింది ఒకటి, మెల్లగా సాగింది ఒకటి, వెనక్కి రానిది ఒకటి. బెల్టుకి ప్రాణాంతకమైనవి చివరి రెండు. వాటితో పాటు వెడల్పు కూడా కొలవండి, పేక ఏం చేసిందో తెలుస్తుంది.

మూడు. ఎక్కువ సాగే పట్టీ ఐమూల పట్టీయే, ఎందుకంటే ఆ దిక్కున ఏ దారమూ లేదు. అలాంటిదే ఇంకో పట్టీ కోసి, నీళ్ళు కలిపిన ఫెవికాల్ పట్టించి, ఆరబెట్టి, మళ్ళీ క్యాన్ వేలాడదీయండి. సాగడం ఎంత తగ్గిందో చూడండి. తర్వాత దాన్నే పెన్సిల్ చుట్టూ వందసార్లు వంచి మళ్ళీ తూకం కట్టండి. రెజిన్ ఇచ్చేదేంటో, తీసుకునేదేంటో మీ చేతికే తెలుస్తుంది.

అంకెలన్నీ ఒక పట్టికలో పెట్టండి. పైన చెప్పిన మ్యాట్రిక్స్ ప్రోగ్రాం రాసి, మీ బట్ట నేతకి మార్పుల లెక్క కట్టి పక్కన పెట్టండి. సిద్దిపేటలో గొల్లభామ చీరలు నేసే చోటుకో, సిరిసిల్ల మరమగ్గాల దగ్గరికో ఎప్పుడైనా వెళ్తే ఈ పట్టిక వెంట తీసుకెళ్ళండి. పడుగు ఎంత బిగించాలి, గంజి ఎంత పెట్టాలి, పేక ఎంత దగ్గరగా కొట్టాలి అన్నవి అక్కడ రోజూ చేతులతో తేల్చే ప్రశ్నలు. మన పుస్తకంలో వాటికి టెన్షన్, సైజింగ్, పిక్ డెన్సిటీ అని పేర్లున్నాయి. రెండు భాషలూ తెలిసినవాడు బెల్టు బట్టకి కావలసిన లక్షణాలను మగ్గం దగ్గర అర్థమయ్యేలా చెప్పగలడు.

చివరగా, ఎప్పుడైనా ఇంటర్న్‌షిప్‌కి ఏదో ఒక ఫ్యాక్టరీకి వెళ్ళి, అక్కడ బెల్టు గురించి మాట వస్తే, గ్రిట్ ఎంత అన్న ప్రశ్న తర్వాత ఈ ఐదు కూడా అడగండి. నూలు ఏది? నేత ఏది? చెప్పిన లాగుడు మీద పొడవు ఎంత శాతం సాగుతుంది? పొడి పనికా, తడి పనికా? మెషీన్‌లో చిన్న చక్రం వ్యాసార్థం ఎంత? ఈ ఐదుకీ జవాబు దొరికితే, సగం పదును ఉండగానే బెల్టును పారేసే పరిస్థితి తగ్గుతుంది. దాని ముందు నిలబడే మనిషి చేతులు కూడా ఇంకొంచెం భద్రంగా ఉంటాయి.